వెయ్యి అడుగుల అవతల

కార్లీ అనే మా ఊరికి ఒక పక్క ఒహాయో నది, ఇంకో పక్క రైలు పట్టాలు. ఆ రెంటి నడుమ ఫ్రంట్ స్ట్రీట్‌లో, పాత బస్టాండు పక్కనే, బ్లూ హెరాన్ అనే బారు ఉంది. అక్కడ ఆడవాళ్ళు బట్టలు విప్పుతూ డాన్సు చేస్తారు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తాము వెళ్తామని ఎవరూ ఒప్పుకోరు. అయినా సాయంత్రమైతే దాని ముందు కారు పెట్టడానికి చోటు దొరకదు.

మార్లీన్ టిబెట్స్ ఆ బారుకి మేనేజరు. వయసులో ఉన్నప్పుడు ఎక్కడెక్కడో డాన్సు చేసి, చివరికి మా ఊళ్ళో తేలింది. మోకాళ్ళు మొరాయించాక తలుపు దగ్గరి పనీ, అమ్మాయిల బాగోగులూ ఆమె చేతికొచ్చాయి. యజమాని ఫ్లోరిడాలో ఎండ కాగుతూ కూర్చుంటాడు, ఇక్కడ అంతా ఆమే. నెలకోసారి జుట్టుకి రంగు వేయించుకోవడానికి నా బ్యూటీ పార్లర్‌కి వస్తుంది. నా పేరు జూన్. జుట్టు కత్తిరించడం నా బతుకుతెరువు. ఊరి ప్లానింగ్ సంఘంలో సభ్యత్వం మాత్రం కోరి తెచ్చుకున్న తలనొప్పి. అందులో ఐదుగురం ఉంటాం, జీతం లేదు. ఎవరి ప్రహరీ ఎంత ఎత్తుండాలి, ఏ దుకాణం బోర్డు ఎంత వెడల్పుండాలి, ఏ వీధిలో ఏ వ్యాపారం ఉండొచ్చు, ఇవీ మా ముందుకొచ్చే పంచాయితీలు.

తొంభైల్లో ఒక ఏడు, కౌన్సిలర్ డ్వైట్ ఫాలన్ నది ఒడ్డును బాగుచేస్తానని బయల్దేరాడు. ఇటుకలు పరిచిన కాలిబాట, పూలకుండీలు, ఐస్‌క్రీం కొట్లు అన్నీ రంగుల బొమ్మలో గీయించి గోడకి తగిలించాడు. ఆ బొమ్మలో ఫ్రంట్ స్ట్రీట్ ఉంది, బస్టాండు ఉంది, బ్లూ హెరాన్ లేదు. దానికి తోడు, ఎదురుగా మూతపడ్డ ఫర్నిచర్ షాపులోకి ఒక చర్చి వచ్చింది. ఆ చర్చి పాస్టర్ ఆల్డెన్ ప్రూయిట్ మెత్తని మనిషి, కానీ పట్టిన పట్టు విడవడు. ఆదివారం ఉదయం పిల్లల్ని తీసుకుని వచ్చే తల్లులకి ముందు రాత్రి తాగి పారేసిన సీసాలు కాళ్ళకి తగులుతున్నాయని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ సీసాలు నేనూ చూశాను.

అలాంటి బార్లు ఊళ్ళో అసలే ఉండకూడదని రాస్తే కోర్టులో నిలబడదని, ఎక్కడో ఒక చోటు చూపించి తీరాలని ఊరి లాయరు చెప్పాడు. అందుకని నిబంధన ఇలా తయారైంది: చర్చి, బడి, పార్కు, కాపురాలుండే ఇల్లు, వీటిలో దేనికీ వెయ్యి అడుగుల లోపల అలాంటి వ్యాపారం ఉండరాదు. ఇప్పటికే ఉన్నది ఏడాది తిరిగేలోగా జాగా మార్చుకోవాలి. ఆ లెక్కన ఊరి మ్యాపు మీద వృత్తాలు గీశారు. మా ఊళ్ళో చర్చిలకి కొదవ లేదు. వృత్తం మీద వృత్తం పడి ఊరంతా పచ్చరంగు కమ్మేసింది. పట్టాల అవతల, క్వారీ రోడ్డు చివర మాత్రం గోరంత ముక్క తెల్లగా మిగిలింది. ఫాలన్ దాని మీద వేలు పెట్టి, చట్టం చోటు చూపించమంది, చూపించాం అన్నాడు. ఇక బహిరంగ విచారణ జరపడం, సంఘం ఓటు వెయ్యడం, కౌన్సిల్ ముద్ర కొట్టడం మిగిలాయి.

విచారణకి వారం ముందు మార్లీన్ నా పార్లర్‌కి వచ్చింది. అప్పటికే పాస్టర్ భార్య యూనిస్ జుట్టు ఆరబెట్టే యంత్రం కింద కూర్చుని ఉంది. ఇద్దరూ ఎదురెదురు భవనాల మనుషులే. రోజూ ఒకరినొకరు చూస్తున్నా ఒక్క మాట కలిసిన పాపాన పోలేదు. మార్లీన్ కోటు విప్పకుండానే ఆమె ఎదుట నిలబడింది.

"మీతో పోట్లాడ్డానికి రాలేదమ్మా. ఒక్కటే అడుగుతాను. ఆ క్వారీ రోడ్డు మీ ఆయన చూశారా?"

యూనిస్ యంత్రం ఆపమని నాకు సైగ చేసింది. "చూసే ఉంటారు," అంది.

"ఒకసారి కనుక్కోండి. చూశారంటే నేనింక నోరెత్తను."

అంతే అని వెళ్ళిపోయింది. రంగు కూడా వేయించుకోలేదు. ఆ రోడ్డు నువ్వు చూశావా అని యూనిస్ నన్ను అడిగింది. మ్యాపులో చూశానన్నాను.

"మ్యాపులో నరకం కూడా నీటుగానే ఉంటుంది, జూన్," అంది.

ఆ సాయంత్రమే పాస్టర్ నుంచి ఫోనొచ్చింది. తను ఆ దారిన ఎన్నడూ వెళ్ళలేదని, మర్నాడు వెళ్ళి చూద్దామనుకుంటున్నానని, మార్లీన్‌ని కూడా పిలిచానని చెప్పాడు. సంఘం సభ్యురాలిగా నేనూ రావాలట. అసలు సంగతి తర్వాత చల్లగా బయటపెట్టాడు. "ఆవిడతో నేనొక్కణ్ణే కార్లో కనబడ్డాననుకో, ఆదివారం నేను చెప్పేది ఎవరూ వినరు, నన్నే చూస్తూ కూర్చుంటారు." నేను వస్తానన్నాను. మా సంఘం పెద్దకి కూడా ఫోన్ చేసి, చాటుమాటు వ్యవహారం అనిపించుకోకుండా, చూసొచ్చింది విచారణలో అందరి ముందూ చెప్తానని మాటిచ్చాను.

నవంబరు నెల. మేం బయల్దేరేసరికి ఎండ పల్చబడింది. పాస్టర్ పాత స్టేషన్ వ్యాగన్ వెనక సీటు నిండా పాటల పుస్తకాల పెట్టెలు. వాటి పక్కన నేను ఒదిగి కూర్చున్నాను. మార్లీన్ ముందు సీట్లో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, దంతవైద్యుడి దగ్గరికి వెళ్తున్న దానిలా బిగుసుకుని కూర్చుంది. వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు పట్టాలు దాటేదాకా వచ్చాయి, ఆ తర్వాత అయిపోయాయి.

పట్టాల అవతల మొదట తారు పోయింది, తర్వాత దీపస్తంభాలు పోయాయి. ఒక పక్క నీళ్ళు నిండిన పాత క్వారీ గొయ్యి, ఇంకో పక్క కోత కోసిన మొక్కజొన్న చేను. మ్యాపులో తెల్లగా మిగిలిన ముక్కలో తుప్పు పట్టిన ఒక రేకుల షెడ్డు తప్ప మరేమీ లేదు. పాస్టర్ కారు దిగి, టోపీ తీసి చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు. దీపాలు వేయిస్తారేమోలే అన్నాడు. నిబంధనలో దీపాల ఊసే లేదని నేను చెప్పాను. బస్సు ఎక్కడిదాకా వస్తుందని అడిగాడు. పట్టాలకి ఊరి వైపే ఆగిపోతుందని మార్లీన్ చెప్పింది.

వెనక్కి తిప్పుతుండగా కారు వెనక చక్రం బంకమట్టి గుంటలో దిగబడింది. నేనూ మార్లీన్ నెట్టాం. చక్రం గిర్రున తిరిగి మా ఇద్దరికీ నిలువునా బురద స్నానం చేయించింది, అంగుళం కదల్లేదు. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు మా వంటివాళ్ళ దగ్గర ఉండేవి కావు. సూర్యుడు గుట్ట వెనక్కి జారిపోయాడు. నడుద్దామని ముగ్గురం ఊరివైపు బయల్దేరాం.

కొంతదూరం వెళ్ళాక వెనకనుంచి ఒక పికప్ ట్రక్కు దీపాలు కనబడ్డాయి. దేవుడే పంపాడని పాస్టర్ రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యూపాడు. మార్లీన్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపబోయింది, కానీ అప్పటికే ట్రక్కు నెమ్మదించింది. లోపల ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళ చూపు పాస్టర్ మీద నిలవలేదు, మా ఇద్దరి మీదా పాకింది. అద్దం దించినవాడు నవ్వుతూ, "ఇద్దర్నీ నువ్వే ఉంచుకుంటావా ముసలాడా? ఒకదాన్ని ఇటు ఎక్కించు," అన్నాడు. రెండోవాడు ఇంకేదో అన్నాడు. అది నేనిక్కడ రాయను. పాస్టర్ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. ఆయన్ని జీవితంలో ఎవరూ అలా పిలిచి ఉండరు. ట్రక్కు మా పక్కనే, మా నడకతో సమానంగా కాసేపు నడిచింది. తర్వాత ఇంజను రొద చేసుకుంటూ ముందుకి దూసుకెళ్ళింది.

పోయారు అనుకున్నాం. మలుపు దగ్గర ట్రక్కు ఆగింది, దీపాలు ఆరిపోయాయి.

మార్లీన్ తాళాల గుత్తి పిడికిట్లో బిగించి, రెండు తాళాలు వేళ్ళ సందుల్లోంచి బయటికి పెట్టుకుని ఉంది. ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. రోడ్డు వదిలెయ్యండి, చేలోకి దిగండి, ఎవరూ మాట్లాడకండి అని గొంతు తగ్గించి చెప్పింది. మేం దిగాం. మొక్కజొన్న మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. పాస్టర్ ఒకసారి బోర్లా పడ్డాడు, నేను లేపబోతే తనే లేచాడు. వెనక రోడ్డు మీద ట్రక్కు తలుపు వేసిన చప్పుడైంది. ఎవడో ఈలవేశాడు. మార్లీన్ వెనక్కి చూడకుండా, ఎదురుగా దూరాన కనిపిస్తున్న ఒకే ఒక దీపం వైపు మమ్మల్ని నడిపించింది. అది కోళ్ళ దాణా మిల్లు దీపం. మేం ఆ గేటు చేరి దబదబా బాదేసరికి కాపలావాడు టార్చితో పరిగెత్తుకొచ్చాడు. పాస్టర్‌ని గుర్తుపట్టి, గబగబా లోపలికి తీసుకెళ్ళి గొళ్ళెం వేశాడు. ఆ గొళ్ళెం పడ్డ చప్పుడంత కమ్మని చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

కాపలావాడు షెరీఫ్‌కీ, యూనిస్‌కీ ఫోన్ చేసి, కాఫీ పోసి, హీటరు మా కాళ్ళ దగ్గరికి జరిపాడు. బూట్లలోకి నీళ్ళు పోయాయి. మార్లీన్ కుడి బూటు, మేజోడు విప్పి పాదం హీటరు ముందు పెట్టింది. ఆ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు. నాకు అంత పరిచయం ఉండి కూడా తెలియదు. పాస్టర్ చూసి చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేక అడిగాడు.

ఆమె కథ చెప్పినట్టు చెప్పలేదు, ఎవరో అడ్రసు అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఇరవై మూడేళ్ళప్పుడు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఇలాంటి రోడ్డు మీదే ఒక బారులో పనిచేసింది. ఆ ఊరివాళ్ళు కూడా దాన్ని అలాగే కళ్ళకి కనబడకుండా తోసేశారు. జనవరిలో ఒక రాత్రి కారు మొరాయిస్తే నడక మొదలుపెట్టింది. ఒకడు వెంటపడ్డాడు. తెల్లారేదాకా డాన్సు చెప్పులతోనే ఒక తూము గొట్టంలో దాక్కుంది. వాడు దొరకలేదు. చలికి గడ్డకట్టిన వేళ్ళు దక్కలేదు.

"నాకు నయం పాస్టర్ గారూ. నేను నడవగలుగుతున్నాను. నా దగ్గరున్న అమ్మాయిల్లో సగం మందికి కార్లు లేవు. వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

కాసేపటికి యూనిస్ ఎవరిదో కారు తీసుకుని వచ్చింది. యూనిస్ లోపలికి వస్తూనే భర్తని పైనుంచి కిందిదాకా చూసి, ప్రాణాలతో ఉన్నాడని తేల్చుకుని, తన మెడలోని ఉన్ని శాలువా తీసి మార్లీన్ పాదానికి చుట్టింది. అది కొత్త శాలువా. పాడవుతుందని మార్లీన్ అంటుంటే, నోరుమూసుకోమంది.

షెరీఫ్ మనుషులు వెతికితే ట్రక్కు జాడ దొరకలేదు. మర్నాడు పాస్టర్ కారుని ట్రాక్టరుతో లాగారు.

విచారణ రోజు కౌన్సిల్ హాలు కిటకిటలాడింది. నిలబడ్డానికి కూడా చోటు లేక జనం మెట్ల మీద కూర్చున్నారు. ఫాలన్ తన రంగుల బొమ్మ తెచ్చి చాలాసేపు మాట్లాడాడు. కుటుంబాలు, పర్యాటకులు, ఊరి పరువు. చప్పట్లు బాగానే పడ్డాయి. మార్లీన్ వంతు వచ్చినప్పుడు ఆమె మైకు దగ్గర నాలుగు ముక్కలే చెప్పింది. మమ్మల్ని ఇష్టపడమని అడగడం లేదు, మేం కేక పెడితే వినబడేంత దూరంలో ఉండనివ్వమని అడుగుతున్నాను, అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మెడ ఎర్రబడింది. చప్పట్లు లేవు.

అప్పుడు లొరెట్టా బిగ్స్ చేతికర్ర టకటకలాడించుకుంటూ లేచింది. ఎనభై దాటిన మనిషి, బ్లూ హెరాన్‌కి ఎదుటి వరసలో మేడ మీద ఒంటరిగా ఉంటుంది. నిబంధన కాపాడతానంటున్న 'కాపురాలుండే ఇళ్ళలో' ఆ బారుకి అందరికంటే దగ్గరిది ఆమెదే. ఫాలన్ ఆమెకి మర్యాదగా మైకు వంచి పెట్టాడు.

"నన్ను కాపాడతానంటున్నారు, సంతోషం. నా భర్త పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. వాళ్ళు తలుపు దగ్గర కాపలాకి ఆ ఏనుగులాంటి కుర్రాణ్ణి పెట్టాక పడుతోంది. వాణ్ణి పంపించేస్తే ఆ కుర్చీలో నువ్వొచ్చి కూర్చుంటావా డ్వైట్?"

హాలంతా నవ్వింది. సంఘం పెద్ద బల్ల మీద కొట్టినా ఆగలేదు. ఫాలన్ కూడా నవ్వక తప్పలేదు. ఆ నవ్వుతో గదిలో ఏదో వదులైంది.

ఆ తర్వాత పాస్టర్ లేచాడు. సంతకాలు తెచ్చింది ఆయనే కాబట్టి ఆయనేం చెప్తాడో అందరికీ తెలుసుననుకున్నారు. ఆయన క్వారీ రోడ్డు మీద జరిగింది మొదట్నుంచీ చెప్పాడు. తన గొంతు పెగలకపోవడం, చేలో పడిపోవడం, ఏదీ దాచలేదు. మార్లీన్ పాదం సంగతి మాత్రం ఎత్తలేదు, అది ఆమెది. మీరే కదా దాన్ని మూయించాలన్నారు, ఇప్పుడు మాట మారుస్తున్నారా అని ఫాలన్ అడిగాడు.

"మార్చలేదు. అది మూతపడాలనే ఇప్పటికీ నా ప్రార్థన. మూతపడేదాకా నా కళ్ళెదుట ఉండాలి. కనబడని చోటికి తోసేసి, ఊరు శుభ్రమైపోయిందని నేను ప్రసంగం చెప్పలేను," అన్నాడు.

ఓటింగు ముందు నేను కూడా చూసొచ్చింది చెప్పాను. సంఘం అక్కడికక్కడే ప్రతిపాదన తిరగరాసింది. వెయ్యి అడుగుల నియమం ఇకమీద వచ్చే వ్యాపారాలకే వర్తిస్తుంది, అదీ క్వారీ రోడ్డుకి ఊరు దీపాలూ బస్సూ ఏర్పాటు చేశాక. బ్లూ హెరాన్ ఉన్నచోటే ఉంటుంది, కానీ బోర్డు చిన్నది చెయ్యాలి, ఆదివారం మధ్యాహ్నం దాకా తలుపు తీయకూడదు, వీధి రోజూ ఊడిపించాలి. మార్లీన్ అన్నిటికీ తలూపింది. ఇద్దరు సభ్యులు సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు. నా దగ్గరికి వచ్చింది. ఉండనివ్వండి అన్నాను. ఆ మాట జుట్టు ఎంత కత్తిరించాలో చెప్పినంత తేలిగ్గా వచ్చింది. తర్వాతి నెల కౌన్సిల్ కొంత గొణిగి అలాగే ఆమోదించింది. ఫాలన్ కాలిబాట కూడా వేయించాడు, బాగానే ఉంది.

విచారణ జరిగిన సాయంత్రం హాలు బయట చలిగాలిలో మార్లీన్ స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అమ్మాయిలకి చెప్పాలి, నాతో రా, ఒక్కదాన్నే చెప్పలేను అంది. అన్నేళ్ళలో నేను ఆ గడప తొక్కలేదు. వెళ్ళాను. వెనక తలుపునుంచి వంటగదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన, నేల తుడిచే మందు వాసన. స్నానం గౌన్ల లాంటివి తొడుక్కున్న నలుగురైదుగురు అమ్మాయిలు పిజ్జా తింటున్నారు. ఒకతె గోళ్ళకి రంగు వేసుకుంటోంది. మమ్మల్ని చూడగానే అందరూ ఇటు తిరిగారు.

"ఎక్కడికీ పోవడం లేదు," అంది మార్లీన్.

ఎవరూ అరవలేదు. గోళ్ళకి రంగు వేసుకుంటున్న అమ్మాయి బ్రష్షు సీసాలో పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఇంకొకతె లేచి ఆమె భుజం మీద చెయ్యేసింది. వంటవాడు ఏం తోచక నాకొక పిజ్జా ముక్క పెట్టాడు. ఎవరెవరో ఏవేవో అడిగారు, లొరెట్టా అన్న మాట నేను చెప్తే పగలబడి నవ్వారు. తలుపు దగ్గరి ఆ ఏనుగులాంటి కుర్రాణ్ణి పిలిపించి నా చేత మళ్ళీ చెప్పించుకున్నారు. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి మార్లీన్ గోడవారన ఉన్న బంగాళాదుంపల బస్తాకి ఆనుకుని, కోటు కూడా విప్పకుండా నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒకమ్మాయి వేలు పెదాల మీద పెట్టి అందర్నీ ఊరుకోబెట్టింది. ఇంకొకతె మునివేళ్ళ మీద హాల్లోకి వెళ్ళి, పాట చప్పుడు తగ్గించి వచ్చింది.